నేరుగా కేబుల్‌తో కలిపిన రెండు కంప్యూటర్లు ఒకదానికొకటి కనబడటం లేదు

ప్రశ్న:
మా ఇంట్లో విండోస్ 10 ఉన్న పాత డెస్క్‌టాప్, ఈమధ్య కొన్న విండోస్ 11 ల్యాప్‌టాప్ ఉన్నాయి. పాతదానిలోని సుమారు 300 జీబీ ఫొటోలనూ పెళ్లి వీడియోలనూ కొత్తదానిలోకి మార్చడానికి వైఫై చాలదనిపించి, రెండింటినీ ఒకే నెట్‌వర్క్ కేబుల్‌తో నేరుగా కలిపాను. పోర్టుల దగ్గర లైట్లు వెలుగుతున్నాయి కానీ ఒకదానిలో రెండోది కనబడటం లేదు. డెస్క్‌టాప్ ఐపీ చిరునామా (నెట్‌వర్క్‌లో కంప్యూటర్‌ను గుర్తించే సంఖ్య) 169.254తో మొదలవుతోంది. ఇందుకు క్రాసోవర్ కేబుల్ (ఒక కొనలో తీగలు తారుమారుగా ఉండేది) కొనవలసిందేనా?

మొదటి సమాధానం:
కొనవలసిందే. మామూలు కేబుల్‌లో ఒకవైపు పంపే పిన్నులు 1, 2 అవతలివైపు పంపే పిన్నులకే తగులుతాయి. వినే పిన్నులు 3, 6కు చేరాలంటే ఒక కొనలో నారింజ, ఆకుపచ్చ జతలను తారుమారు చేసి క్రింప్ చేయాలి (ప్లగ్గులో బిగించాలి).

రెండో సమాధానం:
పై సమాధానం పాత 10/100 (సెకనుకు 10 లేదా 100 మెగాబిట్ల వేగపు) నెట్‌వర్క్ కార్డుల విషయంలో నిజమే. అయితే గిగాబిట్ (సెకనుకు 1000 మెగాబిట్ల) పోర్టులు దాదాపు అన్నీ ఆ తారుమారును తామే చేసుకుంటాయి; పైగా లైట్లు వెలుగుతున్నాయంటే తీగల మధ్య సంబంధం కుదిరినట్టే. మధ్యలో రౌటర్ లేదు కనుక చిరునామా ఇచ్చేవారు లేక, విండోస్ తనంతట తాను 169.254 పెట్టుకుంది. డెస్క్‌టాప్‌కు 192.168.50.1, ల్యాప్‌టాప్‌కు 192.168.50.2 అని మీరే ఇచ్చి, రెండింటిలో సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0 పెట్టి, గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌కు దారి చూపే రౌటర్ చిరునామా) ఖాళీగా వదిలేయండి. మీ వైఫై వాడే చిరునామాల వరుస ఏదైతే దానిని మాత్రం ఇక్కడ వాడవద్దు. వాడితే ఏ దారిన పంపాలో విండోస్‌కు తికమక అవుతుంది.

అసలు అడ్డం ఫైర్‌వాల్ (బయటి కనెక్షన్లను ఆపే విండోస్ కాపలా) అని నా అనుమానం. గేట్‌వే లేని ఇలాంటి నెట్‌వర్క్‌ను విండోస్ గుర్తించలేక పబ్లిక్‌గా లెక్కగట్టి, ఫైల్ షేరింగ్‌ను ఆపేస్తుంది. సెట్టింగ్స్‌లో ఈథర్‌నెట్ కింద దానిని ప్రైవేట్‌గా మార్చి, డెస్క్‌టాప్‌లో ఫోల్డర్‌ను షేర్ చేసి, ల్యాప్‌టాప్ ఎక్స్‌ప్లోరర్ పైగడిలో \\192.168.50.1 అని కొట్టండి. నెట్‌వర్క్ బొమ్మలో కనబడే దాకా ఎదురుచూడటం దండగ. అడిగినప్పుడు డెస్క్‌టాప్ ఖాతా పాస్‌వర్డ్ ఇవ్వాలి; లాగిన్‌కు వాడే అంకెల పిన్ పనిచేయదు, పాస్‌వర్డ్ లేని ఖాతాను అసలే రానివ్వదు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ, ఫోల్డర్ తెరుచుకుంది. నాకు పాస్‌వర్డ్ గుర్తులేక, దానిని మార్చుకోవడానికే అరగంట పట్టింది. అయితే కాపీ వేగం సెకనుకు 11 ఎంబీ దాటడం లేదు. ఈ లెక్కన ఏడు గంటలు దాటుతుంది. రెండు పోర్టులూ గిగాబిట్‌వే.

రెండో సమాధానం ఇచ్చినవారు:
11 అంటే లింకు 100 ఎంబీపీఎస్‌కు (సెకనుకు 100 మెగాబిట్లు, అంటే సుమారు 12 ఎంబీ) పడిపోయిందని అర్థం. ఆ వేగానికి రెండు జతల తీగలు చాలు కానీ, గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. కేబుల్ కొనలోని ప్లగ్గును వెలుతురుకు పట్టి, లోపల ఎన్ని రంగులున్నాయో లెక్కపెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
నాలుగే ఉన్నాయి! ఎప్పుడో కేబుల్ కనెక్షన్ కుర్రాడు క్రింప్ చేసి ఇచ్చిన ముక్క అది. నీలం, గోధుమ జతలను మొదట్లోనే కత్తిరించేశాడు. నాలుగు జతలూ ఉన్న క్యాట్ 6 రకం కేబుల్ తెచ్చి పెడితే వీడియోలు సెకనుకు 90 ఎంబీ దాకా వెళుతున్నాయి, చిన్న ఫొటోల దగ్గర మాత్రం బాగా తగ్గుతోంది. మొత్తానికి కేబుల్ కొనమన్న మొదటివారి మాటే, వేరే కారణానికైనా, నెగ్గింది.