తోలుబంతికి మారేటప్పుడు ముందు ఏం సరిచేసుకోవాలి?

ప్రశ్న: భారత పేసర్ మహ్మద్ సిరాజ్ టెన్నిస్ బంతి క్రికెట్ నుంచే వచ్చి 2015లో హైదరాబాద్ తరఫున దేశవాళీ టోర్నీ రంజీ ఆడాడు కదండీ. అదే దారిలో వచ్చే కుర్ర పేసర్లు మొదట దేనిమీద దృష్టి పెట్టాలి?

జవాబు: సీమ్ మీద, అంటే బంతి మీది కుట్టు మీద. చూపుడువేలు, మధ్యవేలు సీమ్‌కి చెరోపక్క ఉండాలి. బంతి వదిలేటప్పుడు మణికట్టు దాని వెనకే నిలవాలి. పక్కకు వాలిందా, సీమ్ తూలిపోయి స్వింగ్ (గాల్లో బంతి వంపు తిరగడం) పోతుంది. కావాలని తూలించే వాబుల్ సీమ్ తర్వాతి పాఠం.

జవాబు: బరువూ చూడండి. తోలుబంతి టెన్నిస్ బంతి కంటే బరువు, 156 నుంచి 163 గ్రాములు. ఒక్కసారిగా ఓవర్లు పెంచితే భుజం, నడుము పట్టేస్తాయి.

జవాబు: తొందర అసలు వద్దు. సిరాజ్ 2016-17 రంజీలో 41 వికెట్లు తీశాడు. అయినా 2017లో రాజ్‌కోట్‌లో తన తొలి అంతర్జాతీయ టీ20లో 4 ఓవర్లకు 53 పరుగులిచ్చాడు. టెస్టు అరంగేట్రం 2020 డిసెంబరులో, మెల్‌బోర్న్‌లో.