‘సీఈటీపీ లోపం వల్ల మంచి కొలెస్టరాల్ పెరుగుతుంది’: ఈ వాక్యం సరైనదేనా?

ప్రశ్న: జపాన్ ప్రజల రక్తంలోని లైపోప్రోటీన్లలో (కొవ్వును మోసే కణాల్లో) జన్యుపరంగా కనిపించే తేడాల మీద తెలుగులో వ్యాసం రాస్తున్నాం. పై వాక్యాన్ని అలాగే ఉంచవచ్చా? (సీఈటీపీ అంటే ఈ కణాల మధ్య కొవ్వును మార్చే ప్రోటీన్.)

జవాబు: రెండు మాటలు మార్చాలి. ముందు ‘మంచి కొలెస్టరాల్’. హెచ్‌డీఎల్ అనే లైపోప్రోటీన్ మోసేదాన్ని మంచిదనీ, ఎల్‌డీఎల్ అనేది మోసేదాన్ని చెడ్డదనీ అంటుంటారు. కానీ కొలెస్టరాల్ అణువు ఒక్కటే. ఎల్‌డీఎల్‌లో ఉన్నా హెచ్‌డీఎల్‌లో ఉన్నా సరుకు అదే, లారీలే వేరు. రిపోర్టులో హెచ్‌డీఎల్ 60 అని ఉంటే, డెసిలీటరుకు ఆ కణాలు మోస్తున్న కొలెస్టరాల్ 60 మి.గ్రా. అని అర్థం. కణాలు ఎన్నో, ఎంత బాగా పనిచేస్తున్నాయో ఆ అంకె చెప్పదు.

సీఈటీపీ విషయంలో కీలకం ఇదే. హెచ్‌డీఎల్‌లోని కొవ్వు ఆమ్లంతో కలిసిన కొలెస్టరాల్ అయిన కొలెస్టరైల్ ఎస్టర్‌ను మరో రకం లైపోప్రోటీన్ అయిన వీఎల్‌డీఎల్, ఎల్‌డీఎల్‌లకు చేరవేసి, బదులుగా ట్రైగ్లిజరైడ్లనే మరో రకం కొవ్వును ఇటు తెచ్చే ప్రోటీన్ ఇది. అది లేకపోతే హెచ్‌డీఎల్ నుంచి సరుకు ఆ దారిన దిగదు. కణాలు ఉబ్బుతాయి, అంకె పెరుగుతుంది. సీఈటీపీ జన్యువులో ఇంట్రాన్ 14 (ప్రోటీన్ తయారీకి ముందు కత్తిరించి తీసేసే ముక్కల్లో ఒకటి) మొదటి డీఎన్‌ఏ అక్షరం ‘జీ’ పోయి ‘ఏ’ వచ్చిన జన్యు ప్రతులు రెండూ ఉన్నవారిలో ఆ అంకె సాధారణంగా 100 దాటుతుంది. అకిటా రాష్ట్రంలోని ఒమగారి ప్రాంతంలో ఈ మార్పు చాలా ఎక్కువ. అక్కడి ప్రజల మీద 1997లో వెలువడిన అధ్యయనం, ఈ హెచ్చు హెచ్‌డీఎల్‌కూ దీర్ఘాయువుకూ సంబంధం లేదని తేల్చింది. హవాయిలోని జపాన్ సంతతి పురుషుల మీద 1996లో వచ్చిన అధ్యయనంలోనైతే, సీఈటీపీ మార్పు ఉన్నవారిలో గుండెజబ్బు ఎక్కువే కనిపించింది. ఇంత తెలిశాక ‘మంచి’ అని ఎలా రాస్తాం?

వేరొకరు: పాఠకులకు అలవాటైన మాట కదా, తీసేస్తే ఎలా?

జవాబు: ‘హెచ్‌డీఎల్‌లోని కొలెస్టరాల్’ అనండి, ఎవరికైనా అర్థమవుతుంది. సీఈటీపీని అడ్డుకుని హెచ్‌డీఎల్ పెంచే టోర్సిట్రాపిబ్ అనే మందు పరీక్షను 2006లో అర్ధాంతరంగా ఆపేశారు. మందు వాడినవారిలో మరణాలు పెరగడమే కారణం. ఈ వార్తను ‘మంచి కొలెస్టరాల్ పెంచే మందు’ అని రాస్తే, మరణాలెందుకు పెరిగాయో పాఠకుడికి అంతుపట్టదు.

ఇక ‘లోపం’. ఈ మాటకు తెలుగులో కొరత, తప్పు అనే రెండర్థాలూ ఉన్నాయి. ఇక్కడ ప్రోటీన్ లేకపోవడమే విషయం కాబట్టి ‘సీఈటీపీ లేమి’ మేలు.

మరొకరు: ‘జన్యులోపం’ అన్న మాట విషయంలోనూ జాగ్రత్త పడాలి. ట్రైగ్లిజరైడ్లను అదుపులో ఉంచే ఏపీఓఏ5 జన్యువు ముందుభాగంలో 1131వ స్థానాన ‘టీ’ బదులు ‘సీ’ ఉంటే ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి. ఆ ‘సీ’ వాటా తూర్పాసియాలో సుమారు 30 శాతం, ఐరోపాలో 10 శాతం లోపు. ఇంతమందిలో ఉన్నదాన్ని లోపం అనలేం, ‘జన్యు వైవిధ్యం’ అనాలి.

ప్రశ్న: జపాన్‌లో ఎక్కువగా కనిపించే మరో సీఈటీపీ మార్పును కొన్నిచోట్ల 442 అనీ, కొన్నిచోట్ల 459 అనీ రాశారు. ఏది రాయాలి?

జవాబు: రెండూ ఒకటే. ప్రోటీన్ గొలుసులో ఆ సంఖ్య గల చోట ఆస్పార్టిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లం బదులు గ్లైసిన్ రావడమే ఆ మార్పు. ప్రోటీన్ మొదట్లో ఉండి తర్వాత తెగిపోయే 17 అమైనో ఆమ్లాలను కలిపి లెక్కిస్తే 459, కలపకపోతే 442. ఇప్పటి పద్ధతి 459. పాత వ్యాసాలతో పోల్చేవారి కోసం మొదటిసారి మాత్రం ‘459 (పాత లెక్కలో 442)’ అని ఇవ్వండి.

మీ వాక్యం ఇలా ఉండవచ్చు: ‘సీఈటీపీ లేమి ఉన్నవారిలో హెచ్‌డీఎల్ మోసే కొలెస్టరాల్ బాగా పెరుగుతుంది, దానివల్ల గుండెకు రక్షణ ఉంటుందని మాత్రం చెప్పలేం.’