నిశ్శబ్దంగా తిరిగే స్పిండిల్‌ను బిగించే ముందు ఎలా పరీక్షించాలి?

ప్రశ్న (కావలి):
అందరికీ నమస్కారం. ఇంటి వెనుక రేకుల పంచలో చిన్న సీఎన్‌సీ యంత్రం (కంప్యూటరు నడిపే చెక్కుడు యంత్రం) పెట్టుకుని వేపచెక్క మీద పేర్ల పలకలు చెక్కుతుంటాను. ఇన్నాళ్లు వాడిన రూటర్ మోటారు బ్రష్షులతో తిరిగేది కావడంతో, దాని కేకకు పక్కింటి పెద్దాయనకు మధ్యాహ్నం కునుకు కరవైంది. అందుకే నీటితో చల్లబడే 800 వాట్ల స్పిండిల్‌ను (చెక్కే బిట్టును తిప్పే మోటారును), దాని వేగాన్ని మార్చే వీఎఫ్‌డీ పెట్టెతో సహా తెప్పించాను. నిన్న బల్ల మీద ఖాళీగా తిప్పితే ఒక మీటరు దూరాన ఫోను 52 డెసిబెళ్లు చూపింది, ఆపేస్తే 48 చూపింది. అయితే తిరిగేటప్పుడు సన్నని ఈల వినిపిస్తోంది. ఇంతటితో బిగించుకోవచ్చునా?

జవాబు (చీమకుర్తి):
గ్రానైట్ ఫ్యాక్టరీల మోటార్లకు వైండింగ్ చేసే పనిలో ఉన్నాను. శబ్దం సంగతి తరువాత చూడవచ్చు, ముందు కరెంటు సంగతి చూడండి. నిమిషానికి 24,000 చుట్లు తిరిగే రెండు ధ్రువాల స్పిండిల్‌కు బేస్ ఫ్రీక్వెన్సీ (పూర్తి వోల్టేజీ అందే ఫ్రీక్వెన్సీ) 400 హెర్ట్జ్ ఉండాలి. వీఎఫ్‌డీలో అది 50 దగ్గరే ఉండిపోతే తక్కువ వేగంలోనే పూర్తి వోల్టేజీ అంది, మోటారు చప్పుడు చేయకుండానే కాలిపోతుంది. తరువాత ప్లగ్గు తీసేసి, కనెక్టరు నాలుగో పిన్నుకూ స్పిండిల్ ఒంటికీ మధ్య మల్టీమీటరు పెట్టి చూడండి. చాలా చవక స్పిండిళ్లలో ఆ పిన్ను లోపల దేనికీ కలిసి ఉండదు. నీళ్లు పారే యంత్రానికి ఎర్తింగ్ లేకపోవడం చెలగాటం కాదు. స్పిండిల్‌ను చల్లబరిచే నీళ్ల బకెట్లో ఉప్పు బోరునీళ్లు మాత్రం పోయకండి, డిస్టిల్డ్ వాటరు పోయండి.

జవాబు (ఒంగోలు):
మీ లెక్క ప్రకారం మోటారు ఒక్కదాని శబ్దం దాదాపు 50 డెసిబెళ్లు. డెసిబెళ్లను మామూలు తీసివేతతో తీసేయకూడదు. ఫోను మైకును నమ్మి అంతకు మించి చెప్పలేము. ఈలను మాత్రం చెవితోనే తేల్చవచ్చు: వేగం పెంచినా దాని శ్రుతి మారకపోతే అది వీఎఫ్‌డీ క్యారియర్ ఫ్రీక్వెన్సీది (లోపల కరెంటును ఆన్ ఆఫ్ చేసే వేగానిది), వేగంతో పాటు పైకెక్కితే బేరింగును అనుమానించాలి, ఒక్క వేగం దగ్గరే బల్ల అదిరి మోగితే అది బిగింపు దోషం. కోలెట్‌లో (బిట్టును పట్టుకునే బిగింపులో) నిటారైన పిన్ను బిగించి, చేత్తో తిప్పుతూ, సన్నని కదలికను కొలిచే డయల్ గేజ్‌తో వంకర కూడా చూడండి.

జవాబు (ఉదయగిరి):
ఖాళీగా తిప్పి నిశ్శబ్దమని మురిసిపోవద్దు. చెక్కలో దిగాక అరిచేది మోటారు కాదు, బిట్టు. రెండు అంచుల బిట్టుతో 18,000 చుట్ల దగ్గర నిమిషానికి 1,800 మిల్లీమీటర్లు నడిపితే ఒక్కో అంచు 0.05 మిల్లీమీటర్లు తీస్తుంది. అంతకంటే బాగా నెమ్మదిగా నడిపితే బిట్టు కోయడం మాని రాసుకుంటూ, కీచుమంటూ చెక్కను మాడుస్తుంది.

ప్రశ్న అడిగినవారు (కావలి):
బేస్ ఫ్రీక్వెన్సీ సరిగానే ఉంది. నాలుగో పిన్ను మాత్రం నిజంగానే ఖాళీ, కాబట్టి స్పిండిల్ ఒంటికి వేరే తీగ వేసి ఎర్త్ చేశాను. ఈల వేగంతో మారలేదు, క్యారియర్ పెంచితే తగ్గింది. వేపచెక్కలో ఒక పలక చెక్కి చూశాను. ఇప్పుడు పక్కింటి పెద్దాయన అడుగుతున్నది పొట్టు లాగే వాక్యూమ్ క్లీనరు గురించి.