మార్క్ ప్యాడ్‌మోర్‌ని విమర్శకులు అంతగా ఎందుకు మెచ్చుకుంటారు?

పాతచెవులు:
బాఖ్ సెయింట్ మాథ్యూ ప్యాషన్ (యేసు సిలువ కథకి కట్టిన సంగీతం) మొదటిసారి పూర్తిగా విన్నాను, పాల్ మెక్‌క్రీష్ నడిపించగా 2003లో వచ్చిన రికార్డింగ్. చదివిన రివ్యూలన్నీ టెనర్ (మగవాళ్ళ పై గొంతు) గాయకుడు ప్యాడ్‌మోర్‌ని ఆకాశానికెత్తేశాయి. నాకేమో టెనర్ అంటే ఆపెరా పాడే పావరొట్టి, హాలు అదిరిపోవాలి. ఈయన పాడుతున్నాడా, మాట్లాడుతున్నాడా అన్నట్టుంది. జర్మన్ ఒక్క ముక్క రాదు, అందుకేనా నాకు ఎక్కట్లేదు?

చెల్లోపిచ్చి:
పాడుతున్నాడా మాట్లాడుతున్నాడా అనిపించిందంటే మీ చెవి బాగానే పనిచేస్తోంది. ఆయన అందులో సువార్తికుడు, కథ చెప్పడమే పని. యేసు మాటలకి వయొలిన్లు చుట్టూ కమ్ముకుంటాయి గానీ ఈయనకి ఆర్గన్, చెల్లో లాంటివి తప్ప తోడుండవు, కాబట్టి మాట జారితే దాక్కోడానికి చోటు లేదు. మన హరికథలో దాసుగారు పాట ఆపి వచనంలోకి దిగాక కూడా జనం కదలకుండా కూర్చోవాలి కదా, ఇంచుమించు ఆ కష్టమే. జర్మన్ రాకపోయినా ఫర్వాలేదు, ఆయన పాడే కథంతా మత్తయి 26, 27 అధ్యాయాలే, తెలుగు బైబిల్ ముందు పెట్టుకుని వినండి. కోడి కూశాక పేతురు బయటికెళ్ళి ఏడ్చే చోట అప్పటిదాకా గబగబా నడిచిన మాట ఒక్కసారి పాటై సాగుతుంది. ప్యాడ్‌మోర్ అక్కడ గొంతు పెంచడు, సన్నం చేస్తాడు.

రాగిచెంబు:
నేను ఒప్పుకోను. 'ప్రతి పదానికీ ప్రాణం పోశాడు' అని రాసేవాళ్ళు గొంతు సంగతి దాటేస్తారు. పై స్వరాల్లో ఆయన బిగుసుకుపోతున్నట్టు నాకు స్పష్టంగా వినిపిస్తుంది. అదే పాత్రలో క్రిస్టోఫ్ ప్రెగార్డియన్ వినండి, 1989లో కండక్టర్ లియొన్‌హార్ట్‌తో చేసింది. మాటా ఉంది, తేనె లాంటి గొంతూ ఉంది.

చెల్లోపిచ్చి:
ప్రెగార్డియన్ గొంతు అందమే, కాదనను. కానీ మెక్‌క్రీష్ రికార్డింగ్‌లో పెద్ద కోరస్ లేదండీ, ఒక్కో గొంతు భాగానికి ఒక్కరే. అంటే కథ చెప్పిన ప్యాడ్‌మోరే తర్వాత సిలువ వేయమని అరిచే గుంపులోనూ పాడాలి. అంత పని పెట్టుకుని తేనె కూడానా!

అర్ధరాత్రి_రేడియో:
వీళ్ళ గొడవ మీకెందుకు గానీ 2010లో బెర్లిన్ ఫిల్‌హార్మనిక్ ఆర్కెస్ట్రాతో కండక్టర్ సైమన్ రాటిల్ చేసినది వీడియోలో చూడండి. పీటర్ సెలర్స్ దాన్ని నాటకంలా నడిపించాడు. యేసు మాటలు పాడే గెర్హాహర్ దూరంగా ఉంటాడు, ఆ బాధంతా ప్యాడ్‌మోర్ ఒంటి మీద కనిపిస్తుంది. కొందరికి అది అతి. నాకు మాత్రం రివ్యూలు దేని గురించి రాశాయో అప్పుడే తెలిసింది.

పాతచెవులు:
నిన్న రాత్రి బైబిల్ పెట్టుకుని కూర్చున్నాను. కోడి కూసిన చోటు మూడుసార్లు వెనక్కి తిప్పాను, ఆ వెంటనే వచ్చే వయొలిన్ పాట దాటి ముందుకు పోలేకపోయాను. 27వ అధ్యాయం ఆదివారానికి.

రాగిచెంబు:
సరే, ఆ చోటు మాత్రం ఆయనకి వదిలేస్తున్నా.