అప్‌డేట్: మా వాడి మోకాళ్ల నొప్పులు, డెక్సా స్కాన్

ఆరేళ్లప్పుడు లుకేమియా (రక్త క్యాన్సర్) వచ్చి నయమైన మా అబ్బాయికి ఇప్పుడు, పదమూడో ఏట, మోకాళ్లు ఎందుకు నొప్పి పెడుతున్నాయని రెండు నెలల కిందట ఇక్కడ అడిగాను. మొదట చూసిన డాక్టరు ‘ఎదిగే వయసు నొప్పులే’ అని పంపేశారు. మీరేమో పాత కాగితాలతో క్యాన్సర్ డాక్టరు దగ్గరికే వెళ్లమన్నారు. వెళ్లాం.

గుంటూరు నుంచి విజయవాడ దాకా బస్సులో ఆ పసుపు ఫైలు నా ఒళ్లోనే. మందు మరకలు ఇంకా పోలేదు. డాక్టరమ్మ ముందుగా లుకేమియాకు అప్పట్లో వాడిన డెక్సామెథాసోన్ (స్టెరాయిడ్), మెథోట్రెక్సేట్ (కీమో మందు) మోతాదులున్న పేజీలే వెతికారు. రెండూ ఎముకను పలచబరచగలవట. స్టెరాయిడ్ వల్ల ఎముకకు రక్తం అందక కొంత భాగం చచ్చిపోయే ప్రమాదమూ ఉందని ఎమ్మారై చేయించారు. అదృష్టవశాత్తూ అలాంటిదేమీ లేదు.

డెక్సా అంటే ఎముక సాంద్రత కొలిచే స్కాన్. అందులో వాడి వయసు పిల్లల సగటుతో పోల్చి చెప్పే జెడ్ స్కోరు మైనస్ 2.3. మైనస్ 2కి దిగితే తక్కువ కింద లెక్కట. నా గుండె జారిపోయింది. వాడు వయసుకు పొట్టి కాబట్టి యంత్రం తక్కువగా చూపిస్తుందని, ఎత్తును బట్టి సరిచేస్తే మైనస్ 1.6 అని ఆవిడ కాగితం మీద లెక్క వేసి చూపించారు. రిపోర్టుల్లో కనిపించే టి స్కోరు ఆరోగ్యంగా ఉన్న యువకుల ఎముకతో పోల్చేది, అది పెద్దవాళ్లకే, పిల్లలకు చూడరు.

విటమిన్ డి మాత్రం 11 ఉంది. 20 అయినా ఉండాలి. వారానికో పొట్లం రాశారు. రాగి జావ బాధ్యత మా అమ్మ తీసుకుంది, వాడి గొణుగుడు వాడిదే.

ఎముక విరుగుతుందని భయపడి ఆటలు మాన్పించింది నేనే. గెంతితేనే ఎముక గట్టిపడుతుందని డాక్టరమ్మ చేత చీవాట్లు తిన్నాను. నిన్న సాయంత్రం వాడు షటిల్ బ్యాటు దుమ్ము దులిపాడు. ఏడాది తర్వాత మళ్లీ డెక్సా.