వంశావళి పుస్తకంలోంచి ధాన్యం లెక్కలు తీసెయ్యొచ్చా? (ఐర్లండు బాలీమోట్ పుస్తకం తెలిసినవాళ్ళు చెప్పండి)

కిమిడి డీటీపీ:
అందరికీ నమస్కారం. పర్లాకిమిడిలో జిరాక్స్, డీటీపీ షాపు నాది. తెలుగు, ఒడియా రెండూ కొడతాను. పెళ్ళికార్డులు, కోర్టు కాగితాలే ఎక్కువ. మొన్న ఒక పెద్దాయన తాతగారి చేతిరాత పుస్తకం ఒకటి తెచ్చారు. మనవడి ఒడుగుకి చుట్టాలందరికీ పంచాలట, వంశావళి వరకు కొట్టి బైండు చేసిమ్మన్నారు.

తెరిస్తే బ్రహ్మతో మొదలు. నాలుగు పేజీలు ఋషులు. ఆ తర్వాత ఉన్నట్టుండి మా పక్క ఊళ్ళ మనుషులు. మధ్యలో అమ్మవారు చెరువుగట్టు మీదే ఎందుకు వెలిసిందో కథ. ఏ ఇంటికి ఏటా ఎన్ని గరిసెల ధాన్యం రావాలో లెక్క. తేలు మంత్రం. అక్షరాలు తారుమారు చేసి రాసిన రహస్య లిపి ఒక పేజీ. "ఆ చెత్తంతా తీసెయ్ బాబూ, పేర్లుంటే చాలు" అన్నారాయన.

ఇలాంటి పుస్తకాలు ఇంకెక్కడైనా ఉన్నాయా అని వెతుకుతుంటే బాలీమోట్ పుస్తకం కనబడింది. అందులోనూ ఇదే కలగాపులగం. అసలు అందులో ఏమేం ఉన్నాయి? అన్నీ ఒకే అట్టలో ఎందుకు పెట్టారు? నేను తీసెయ్యొచ్చా, కూడదా?

మహేంద్రతనయ ఒడ్డు:
ఒక్క పేజీ కూడా తియ్యకు బాబూ. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైనదాన్ని, కాస్త పొడుగ్గానే చెబుతాను, ఓర్చుకో.

బాలీమోట్ అనేది ఐర్లండులో వాయవ్యాన, స్లైగో కౌంటీలో ఒక ఊరు. 1390 ప్రాంతంలో అక్కడి కోట మెక్‌డొనా వంశం దొర చేతిలో ఉన్నప్పుడు ఈ పుస్తకం తయారైంది. 251 ఆకులు, అన్నీ తోలువే. మొదటి ఆకు పోయింది. ఇప్పుడు ముందు కనిపించేది బైబిల్లోని నోవా ఓడ బొమ్మ. అక్కణ్ణుంచి ఆ దీవిని ఎవరెవరు వచ్చి పట్టుకున్నారో వరసగా చెబుతారు. మొట్టమొదట నోవా మనవరాలు కెస్సర్, జలప్రళయానికి 40 రోజుల ముందు 50 మంది ఆడవాళ్ళతో, ముగ్గురు మగవాళ్ళతో వచ్చి దిగిందట. అందరూ మునిగిపోయారు, ఫింతన్ అనేవాడు తప్ప. వాడు సాల్మన్ చేపై, గద్దై, డేగై వేల ఏళ్ళు బతికి, తర్వాత జరిగినదంతా చూశాడు. ఇంత పాత సంగతులు చెప్పాలంటే ఒక సాక్షి ఉండాలి కదా మరి!

చివరికి మీల్ అనే వీరుడి కొడుకులు దిగుతారు. దేశంలో పేరున్న దాదాపు ప్రతి రాజకుటుంబమూ తన తీగను తెచ్చి ఆ కొడుకుల్లో ఎవరో ఒకరికి ముడివేస్తుంది. వంశావళులన్నీ అక్కడ మొదలు. వాటితోపాటు ఊళ్ళ, నదుల స్థలపురాణాలు కూడా ఉన్నాయి. బోయిన్ నది సంగతే చూడు. బోవన్ అనే ఆవిడ, ఎవరూ దగ్గరకు పోకూడని ఒక బావి చుట్టూ అప్రదక్షిణంగా తిరిగితే, నీళ్ళు పైకి లేచి ఆవిణ్ణి సముద్రం దాకా తరిమాయట. ఆ నీరే నది. ఇంకా గ్రీకుల ట్రాయ్ యుద్ధం, అక్కణ్ణుంచి తప్పించుకున్న ఈనియాస్ ప్రయాణం ఐరిష్‌లో. ఛందస్సు, వ్యాకరణం. ఓగమ్ అనే గీతల లిపిని తొంభై పైచిలుకు రకాలుగా మార్చి రాసే పద్ధతులు (నీ రహస్య లిపి పేజీకి తోడు దొరికింది).

నీకు కావలసింది మాత్రం హక్కుల పుస్తకం అనే భాగం. ఏ పెద్దరాజుకి ఏ చిన్నరాజు ఎన్ని ఆవులు, పందులు, దుప్పట్లు ఇవ్వాలి, బదులుగా పెద్దరాజు ఎన్ని గుర్రాలు, కత్తులు, డాళ్ళు ఇవ్వాలి, ఇదీ దాని నిండా. అంటే నీ గరిసెల లెక్కే! ఎవడు ఎవడి కొడుకో తేలితే ఏ నేల ఎవడిదో తేలుతుంది, అది తేలితేనే ఎవడికి ఏం రావాలో తేలుతుంది. ఓడ బొమ్మ నుంచి ఆవుల లెక్క దాకా ఉన్నది ఒకే దావా. పేర్లు మాత్రం ఉంచి లెక్క తీసేస్తే, ఆ పేర్లు ఎందుకు రాయించారో ఎవరికి తెలుస్తుంది? 1522లో ఓ డొనెల్ దొర 140 పాడిఆవులిచ్చి ఈ పుస్తకం కొన్నాడు. వట్టి కథల కోసమే అన్ని ఆవులు తోలి ఉంటాడని నేననుకోను.

మన కరణాలు, ఊళ్ళ చరిత్రలు పోగుచేయించిన మెకంజీ దొర మనుషులకి రాసిచ్చిన కైఫీయతులూ ఇంతే. దేవుడు వెలిసిన కథ, ఏలిన రాజులు, మాన్యాలు, అన్నీ ఒకే కట్ట.

గుణుపురం రైలు:
ఏటమ్మా ఇది, మనిషి చేపైపోనాడట, దానికి మళ్ళీ సాక్షి అని పేరా! నాలుగు ఆవులు తోలితే కవిగారు ఎవుడినైనా నోవా మునిమనవడిని చేసేత్తాడు. ఒడుగు పుస్తకంలో బ్రహ్మ దగ్గర మొదలెడితే ఈ కాలం కుర్రోళ్ళు నవ్వుతారు. డీటీపీ బాబూ, పై నాలుగు పేజీలూ ఎత్తెయ్.

మహేంద్రతనయ ఒడ్డు:
నవ్వనీ. పై పేజీలు కల్పితమని నేనూ ఒప్పుకుంటాను నాయనా, అయినా ఉంచాలనే అంటాను. ఎప్పుడు కల్పించారో చూస్తే అదే చరిత్ర చెబుతుంది.

మన కొండ సంగతే తీసుకో. కళింగాన్ని ఏలిన తొలి గాంగుల రాగి రేకుల్లో మహేంద్రగిరి మీది గోకర్ణస్వామికి దండం, రాజు పేరు, తండ్రి పేరు, అంతటితో సరి. ఆ వంశపు రాజే చోడగంగు, అతని శక 1040 నాటి, అంటే 1118 ప్రాంతపు శాసనానికి వచ్చేసరికి వంశం విష్ణువు దగ్గర మొదలై బ్రహ్మ, అత్రి, చంద్రుడి మీదుగా దిగుతుంది. కామార్ణవుడు నలుగురు తమ్ముళ్ళతో తూర్పుకొచ్చి, ఈ కొండ మీదే స్వామిని కొలిచి, కళింగం గెలిచాడంటుంది. రాజ్యం పెరిగేకొద్దీ తాతలు పైకి పెరిగారు.

ఐర్లండులోనూ అంతే. బ్రియన్ బోరు అనే రాజు వంశం పదో శతాబ్దంలో బలపడింది. అప్పటిదాకా ఐర్లండు దక్షిణాన ఉన్న మన్‌స్టర్‌ను ఏలిన పాత రాజవంశానికి వీళ్ళ మూలపురుషుణ్ణి తమ్ముడిగా అతికించారు. ఆ అతుకే లేకపోతే వీళ్ళు ఎక్కణ్ణుంచి పైకొచ్చారో పట్టుకోవడం కష్టమయ్యేది. కాబట్టి ఆ నాలుగు పేజీలు ఉండాలి. కావాలంటే అచ్చులో అక్షరం సైజు తగ్గించు.

గుణుపురం రైలు:
సైజు తగ్గించడం వరకైతే సరేనమ్మా.

బరంపురం పిన్ని:
ఇంతసేపూ తాతలు, కొడుకులేనా? బాలీమోట్ పుస్తకంలో ఆడవాళ్ళ చరిత్ర అని ప్రత్యేకంగా ఒక భాగం ఉంది. ఏ రాజుకి తల్లి ఎవరు, ఆవిడ ఎవరి కూతురు, ముందు ఎవర్ని చేసుకుంది, తర్వాత ఎవర్ని చేసుకుంది, ఏ పిల్లలు ఎవరికి పుట్టారు, అన్నీ రాశారు. ఆ స్లైగో కౌంటీవాళ్ళదే లెకన్ పుస్తకం, 1418 ప్రాంతానికి ముగించారు. అందులోనూ ఈ భాగం ఉంది. లెకన్ రాసిన మక్ ఫర్బిస్ ఇంటివాళ్ళకి తరతరాలుగా ఇదే వృత్తి. 1650లో గాల్వేలో కూర్చుని వంశావళుల మహాగ్రంథం రాసిన దువాల్తాఖ్ కూడా ఆ ఇంటివాడే.

డీటీపీ బాబూ, మీ పెద్దాయన పుస్తకంలో కోడళ్ళ పేర్లు ఎన్ని ఉన్నాయో చూసి చెప్పు.

కిమిడి డీటీపీ:
పిన్నీ, ఒక్కటీ లేదు. "పత్నీ సమేతంగా" అని మాత్రం ఉంది.

పెద్దాయనకి అందరి మాటా చెప్పాను. గరిసెల లెక్క ఉంచడానికి ఒప్పుకున్నారు. అందులో తమ వాటా పక్కింటివాళ్ళ కంటే ఎక్కువని చూపించాక వెంటనే సరేనన్నారు. తేలు మంత్రం మాత్రం గురువు లేకుండా అచ్చెయ్యకూడదట, ఆ పేజీ ఖాళీగా వదులుతున్నాను. బ్రహ్మ చిన్న అక్షరాల్లోకి వెళ్ళాడు.

కోడళ్ళ పేర్లు అడిగితే టెక్కలిలో ఉన్న అక్కగారికి షాపులోంచే ఫోన్ చేశారు. ఆవిడ గుక్క తిప్పుకోకుండా మూడు తరాలు చెప్పేశారు, నేను నేరుగా కొట్టేశాను. నాలుగో తరం దగ్గర ఆగింది. ముత్తవ్వ పుట్టిల్లు మందస అని అక్క, ఇచ్ఛాపురం అని తమ్ముడు. స్పీకరు ఆన్‌లో ఉంది, లామినేషన్‌కి వచ్చినవాళ్ళు కూడా వింటున్నారు. ప్రూఫు ఇంకా ఇవ్వలేదు.