1947లో రూపాయి, డాలర్ సమానమా?

గోదారిగట్టు:
ఆగస్టు 15 వచ్చిందంటే మా ఫ్యామిలీ గ్రూపులో ఒకటే మెసేజ్. "1947లో మనకు పైసా విదేశీ అప్పు లేదు, అందుకే ఒక రూపాయికి ఒక డాలర్ వచ్చేది. నాయకులు అప్పులు చేసి ఈ గతి పట్టించారు" అని. మా బాబాయ్ దీన్ని గట్టిగా నమ్ముతాడు. అప్పు లేనివాడి డబ్బుకు విలువ ఉంటుందన్న మాట నాకూ సబబుగానే తోస్తోంది. లెక్క తెలిసినవాళ్లు చెప్పండి.

కల్దారు:
సమానం కాదండీ. 1947లో డాలర్ కావాలంటే 3.31 రూపాయలు ఇవ్వాలి.

అప్పట్లో మన రూపాయిని డాలర్‌తో కాదు, పౌండుతో ముడిపెట్టారు. 1927 నుంచి రూపాయి రేటు ఒక షిల్లింగు ఆరు పెన్నీలు, అంటే 18 పెన్నీలు. పౌండుకు 240 పెన్నీలు కాబట్టి ఒక పౌండుకు 13 రూపాయల 5 అణాల 4 పైలు. అదే పౌండుకు 4.03 డాలర్లు వచ్చేవి. 13.33ని 4.03తో భాగించి చూడండి.

అప్పు సంగతి: ఆ రోజుల్లో మనం బాకీ ఉండటం కాదు, బ్రిటనే మనకు వంద కోట్ల పౌండ్లకు పైగా బాకీ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో మన సరుకులు, మన సైన్యం వాడుకున్నందుకు పేరుకున్న లెక్క అది. అయినా రేటు 3.31 దగ్గరే ఉంది.

ఇంతకీ ఏ రూపాయి? తెలంగాణలో అప్పుడు నడిచింది నిజాం హాలీ సిక్కా. బ్రిటిష్ ఇండియా రూపాయిని మావైపు కల్దారు అనేవాళ్లు. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు. ఆ లెక్కన హైదరాబాదులో డాలర్ ఖరీదు 3.86.

పాతనాణెం:
1947 వదిలేయండన్నా. వెండి రూపాయి కాలంలో మాత్రం సమానంగా ఉండేదని విన్నాను. వెండికి వెండి కదా.

కల్దారు:
వెండికి వెండే తూచి చూద్దాం తమ్ముడూ. రూపాయి బరువు ఒక తులం, 180 గ్రెయిన్లు. అందులో అసలు వెండి 165. అమెరికా వెండి డాలర్లో అసలు వెండి 371.25 గ్రెయిన్లు. భాగిస్తే సరిగ్గా 2.25. అంటే తక్కెడలో పెట్టినా డాలర్‌కు రెండుంపావు రూపాయలు తూగాలి.

పైగా 1870ల నుంచి ప్రపంచమంతా వెండి ధర పడిపోయింది. రెండు షిల్లింగుల దగ్గరున్న రూపాయి 1890ల మధ్యకల్లా షిల్లింగు పెన్నీ దాకా జారింది. జనం వెండి తెస్తే టంకశాలలో రూపాయలు కొట్టిచ్చే పద్ధతిని 1893లో ఆపేశారు. స్వాతంత్ర్యానికి ముందు రూపాయి పడలేదు అనడం కూడా తప్పే.

మంగళగిరి నాన్న:
చరిత్ర బాగుంది. నా సంగతి వినండి. 2021లో అమ్మాయి ఎంఎస్‌కు లోన్ తీసుకున్నప్పుడు డాలర్ 74. చివరి సెమిస్టర్ ఫీజు కట్టేనాటికి 82 దాటింది. ప్రతి వెయ్యి డాలర్లకు ఎనిమిది వేలు అదనం. ఇది వాట్సాప్ కథ కాదు, మా ఇంటి టెన్షన్.

సమానం కాదన్నది ఒప్పుకుంటా. మరి 1949లో 4.76, 1966 జూన్ 6న 7.50, 1991 జులైలో రెండు రోజుల తేడాతో 21 నుంచి 26కి. మూడుసార్లూ రూపాయి విలువ తగ్గించింది ప్రభుత్వమే కదా?

కల్దారు:
తగ్గించింది ప్రభుత్వమే, నిజం. కానీ తగ్గించకపోతే ఏమవుతుందో 1949లోనే చూశాం. బ్రిటన్ పౌండును 2.80 డాలర్లకు దించింది, మనమూ దిగాం, పాకిస్తాన్ దిగలేదు. అంతవరకు రెండు దేశాల రూపాయలు సమానం, ఒక్కసారిగా 100 పాకిస్తాన్ రూపాయలకు మనవి 144 అయ్యాయి. ఆ రేటును మనం ఒప్పుకోలేదు. అప్పటి పాకిస్తాన్‌లోని తూర్పు బెంగాల్ జనపనార మీద బతికే కలకత్తా మిల్లులకు సరుకు ఆగిపోయింది.

1966కి ముందు 4.76 అన్నది కాగితం మీది రేటు. దిగుమతి లైసెన్సు ఉన్నవాడికే ఆ ధరకు డాలర్. లైసెన్సులు ప్రీమియం మీద చేతులు మారేవి. 1991లో అయితే ఖజానాలో రెండు మూడు వారాల దిగుమతులకే డబ్బుంది. దాదాపు 47 టన్నుల బంగారం విదేశాల్లో కుదువపెట్టాం. పీవీ, మన్మోహన్ సింగ్ ఆ స్థితిలో 21 రేటును ఏం పెట్టి నిలబెడతారు?

మంగళగిరి నాన్న:
1991 గురించి వాదించను. 1966 మాత్రం వేరు. ప్రపంచ బ్యాంకు ఒత్తిడి చేసింది, ఆశించినంత సాయం రాలేదు. వరుసగా రెండేళ్లు కరువు. ఎగుమతులూ పుంజుకోలేదు. ఆ దెబ్బ ఎవరికి లాభం?

భీమవరం చెరువు:
మేం రొయ్యలు పెంచుతాం. డాలర్ పెరిగితే ఆక్వా రైతుకు పండగే అని టీవీల్లో చెబుతుంటారు. సగమే నిజం. అమెరికాలో కొనేవాడు డాలర్లిస్తాడు, సరే. మా గట్టు మీద వంద కౌంట్ (కిలోకు వంద తూగే రొయ్యలు) ధర చెప్పేది ఎగుమతి కంపెనీ. రూపాయి పడిన వారం ధర పెరగదు, బలపడిన వారం మాత్రం వెంటనే తగ్గిస్తారు. హేచరీల్లో వాడే తల్లి రొయ్యలు ఎక్కువగా విదేశాల నుంచే వస్తాయి, వాటి ఖర్చు సీడ్ (రొయ్యపిల్ల) ధరలో కలిసి మా మీదే పడుతుంది.

అందుకే రేటు 3.31 అయినా 85 అయినా ఆ అంకెను చూసి పరువు కొలవను. 1949 నుంచి 1971 దాకా డాలర్‌కు 360 యెన్లు ఇచ్చిన జపాన్ ఆ కాలంలోనే కార్లు, కెమెరాలు ప్రపంచానికి అమ్మింది. నన్ను భయపెట్టేది వేగం. 2013 మే మొదట్లో 54 ఉన్న డాలర్ ఆగస్టు ఆఖరుకు 68 దాటింది. పంట చేతికొచ్చే కాలమూ దాదాపు అంతే.

మంగళగిరి నాన్న:
అదే నేనూ అనేది. నెమ్మదిగా పెరిగితే సర్దుకుంటాం.

భీమవరం చెరువు:
పెద్ద ఎగుమతిదారులు బ్యాంకులో ఫార్వర్డ్ కాంట్రాక్ట్ రాయించుకుని ఆరు నెలల తర్వాతి రేటు ఈరోజే ఖాయం చేసుకుంటారు. నాకూ మీకూ ఆ వెసులుబాటు అంత తేలిగ్గా చేతికందదండీ. రేటు ఎటు కదిలినా కాచుకునే దారి వాళ్లకుంది, ఆ కదలికంతా నేరుగా మన మీద పడుతోంది. రిజర్వు బ్యాంకును అడగాల్సింది దీని గురించే అని నా వాదన. కాదనేవాళ్లు రాయండి.